ఏడవడం ఎవరి వంతు

కామారెడ్డి జిల్లా బీబీపేటలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ఒక కొత్త భవనం ఉంది. 2021 నవంబరులో అప్పటి మంత్రి కె. తారక రామారావు దాన్ని ప్రారంభించారు. బడి సర్కారుదే గాని భవనానికి పెట్టిన డబ్బు సర్కారుది కాదు. ఆ మండలంలోని జనగామ అనే ఊరిలో పుట్టి, వ్యాపారంలో పైకొచ్చిన ఒకాయన కోట్లు ఖర్చుపెట్టి కట్టించారు. ఊరికి బడి కట్టించిన దాతలు తెలంగాణలో పూర్వం నుంచీ ఉన్నారు కాబట్టి అంతవరకే అయితే జిల్లా పేజీలో ఒక వార్తగా ముగిసేది. కాని ఈ పనికి స్ఫూర్తి 2015లో వచ్చిన ‘శ్రీమంతుడు’ సినిమా అని చెప్పడంతో వార్త రాష్ట్రమంతా పాకింది. ఆ సినిమాలో హీరోగా చేసిన మహేశ్‌బాబు కూడా సంతోషం వెలిబుచ్చారు. సినిమా చూసి జుట్టు దువ్వుకునే తీరు మార్చుకున్నవాళ్లను, చొక్కా మార్చినవాళ్లను, పిల్లలకు హీరో పేరు పెట్టుకున్నవాళ్లను అన్ని ఊళ్లలోనూ చూస్తాం. సినిమా చూసి తరగతి గదులు కట్టించడం అరుదు. రెండున్నర గంటల కల్పన ఒక మనిషి లోపలికి ఎంత లోతుగా దిగితే, అది ఆరేళ్ల తర్వాత ఇటుకలుగా, సిమెంటుగా పైకి లేస్తుంది?

ఈ ఒక్క ఉదాహరణతో పెద్ద సిద్ధాంతం కట్టేయడం తగదు. అదే సినిమాను లక్షల మంది చూశారు, వాళ్లలో బడి కట్టినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు. కట్టిన మనిషికి స్తోమత ఉంది, ఊరిమీద మమకారం సినిమాకు ముందు నుంచే ఉండి ఉండాలి. సినిమా ఆయనలో లేనిదాన్ని పుట్టించిందనలేం. పైగా చేతల్ని బట్టి సినిమాకు మార్కులు వేయబోతే ‘మాయాబజార్’ (1957)కు సున్నా వస్తుంది, ఎందుకంటే అది చూసి ఎవరూ ఏమీ కట్టలేదు. అయినా బీబీపేట భవనం ఒక ప్రశ్నను మన ముందుంచుతుంది. హాలు నుంచి బయటికొచ్చిన మనిషి సాధారణంగా రెండు ముక్కల్లో ఒకటి చెబుతాడు: ‘కనెక్ట్ అయింది’, లేదా ‘ఎమోషన్ పండలేదు’. రెండో మాటలోని క్రియ మన సేద్యం నుంచి వచ్చింది. పంట పండకపోతే రైతు ఆకాశాన్ని ఒక్కదాన్నే తిట్టడు, విత్తు ఎప్పుడు పడింది, పదును ఉన్నప్పుడే పడిందా అని కూడా చూసుకుంటాడు. సినిమా విషయంలో మాత్రం మనం ఆకాశాన్నే తిడతాం. హీరో బాగా చేయలేదనో, సెకండాఫ్ ల్యాగ్ అనో తేల్చేస్తాం. అసలు లోపం చాలాసార్లు మొదటి అరగంటలోనే జరిగిపోయి ఉంటుంది.

మన పాతవాళ్లు దీన్ని గట్టిగానే ఆలోచించారు. భరతుడి నాట్యశాస్త్రం ప్రకారం రసం అనేది నటుడి కన్నీళ్లలో ఉండే వస్తువు కాదు. కారణాలు, వాటికి పుట్టే శారీరక స్పందనలు, మధ్యలో వచ్చిపోయే చిన్న చిన్న భావాలు ఒకచోట కూడితే అది నిష్పన్నమవుతుంది. ఎక్కడ నిష్పన్నమవుతుందన్న దానిమీద కాశ్మీర పండితులు తరతరాలు వాదించుకున్నారు. చివరికి అభినవగుప్తుడి దగ్గరికి వచ్చేసరికి అది ప్రేక్షకుడిలోనే, సహృదయుడిలోనే అని స్థిరపడింది. ఆలంకారికులు చెప్పిన ఇంకొక మాట సినిమావాళ్లకు మరీ పనికొస్తుంది. శోకాన్ని ‘శోకం’ అనీ, శృంగారాన్ని ‘శృంగారం’ అనీ పేరు పెట్టి పిలిచినంత మాత్రాన రసం పుట్టదని ఆనందవర్ధనుడు వాదించాడు. తర్వాత మమ్మటుడు అలా పేరు పెట్టి చెప్పడాన్ని రసదోషాల జాబితాలోనే చేర్చాడు. స్వశబ్దవాచ్యత్వం అని దాని పేరు. పేరు పండితులది గాని దోషం మనందరికీ తెలిసిందే: ఒక పాత్ర నిలబడి ‘నేనెంత ప్రేమిస్తున్నానో తెలుసా’ అని వివరిస్తుంటే వెనక వరుసలో ఫోన్లు వెలుగుతాయి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఎడిటింగ్ బల్లమీద ఇదే సంగతిని ఇంకోవైపు నుంచి పట్టుకున్నాడు. భావం లేని ఒకే ముఖం పక్కన ఒకసారి సూపు గిన్నె, ఇంకోసారి శవపేటిక పెడితే చూసేవాళ్లు ఆ ముఖంలో ఒకసారి ఆకలిని, ఇంకోసారి దుఃఖాన్ని చదువుకున్నారు. ముఖం ఏమీ చేయలేదు, పనంతా చూసేవాడే చేశాడు. అయితే ఆ పని చేయడానికి అతనికి ముడిసరుకు కావాలి. ఆ ముడిసరుకుకు నేను పెట్టే పేరు బాకీ. తెరమీద ఎవరో ఎవరికో ఏదో తీర్చవలసి ఉందని ప్రేక్షకుడికి ముందే తెలియాలి. అది డబ్బు కావచ్చు, మాట కావచ్చు, చేయవలసి చేయలేకపోయిన పని కావచ్చు. తెలిశాక సినిమా దాన్ని పదేపదే గుర్తుచేయకూడదు, మోసే పని ప్రేక్షకుడికి వదిలేయాలి. కదిలించిన సినిమాలకూ ఉసూరుమనిపించిన సినిమాలకూ నాకు కనిపించే తేడా ఇదే.

‘శ్రీమంతుడు’ గొప్ప సినిమా అని నేననను. మామిడితోట ఫైటు హాలులో ఎంత ఈలలు వేయించినా అది ఊరి కథకు అతికించిన ముక్కే. విలన్లు కొట్టించుకోవడానికే పుట్టినట్టుంటారు. అయినా దర్శకుడు కొరటాల శివ కథలో ఒక ఎముక సరైనచోట ఉంది. కథానాయకుడు హర్ష కోటీశ్వరుడి కొడుకు, తన తండ్రి ఏ ఊరివాడో కూడా అతనికి తెలియదు. తండ్రి తన సొంతూరు దేవరకోట పేరు ఎత్తడు. జగపతిబాబు ఆ పాత్రను చేసిన తీరు చూడండి, కొడుకుతో మాట్లాడేటప్పుడల్లా ఏదో మింగుతున్నట్టే ఉంటాడు. ఊరు వదిలిన మనిషి, ఊరి ప్రస్తావన వస్తే ముఖం తిప్పుకునే మనిషి, ఆ ఊరికే తండ్రికి తెలియకుండా వెళ్లిన కొడుకు: బాకీ మూడు ముఖాలతో నిలబడింది. బీబీపేట మండలం లాంటి చోటునుంచి నగరానికి పోయి స్థిరపడిన ప్రతి మనిషి లోపలా అలాంటి మింగుడు ఒకటి ఉంటుంది. బడి గోడ పడిపోయిందని పండక్కి వచ్చినప్పుడు చూసి ఉంటాడు, ఎవరైనా చూస్తే బాగుండు అనుకొని కారెక్కి ఉంటాడు. సినిమా అతనికి కొత్త నీతి నేర్పలేదు, ఉన్న పద్దును తెరిచి చూపింది. హిందీలో అంతకు పదకొండేళ్ల ముందే ‘స్వదేశ్’ (2004) దాదాపు ఇదే పని ఇంకా నేర్పుగా చేసింది. అక్కడ అమెరికా నుంచి వచ్చిన శాస్త్రవేత్త సీసా నీళ్లే తాగుతుంటాడు. రైలు ఆగినప్పుడు పావలాకు మట్టిముంతలో నీళ్లమ్మే పిల్లవాడి దగ్గర కొని మొదటిసారి ఆ నీళ్లు తాగుతాడు. వివరించే మాట ఒక్కటీ ఉండదు. ఆ దృశ్యం చూశాక ‘స్వదేశ్’ ఎందుకు పెద్దగా ఆడలేదో చెప్పడం కష్టం, ఎందుకు మిగిలిందో చెప్పడం తేలిక.

ఎదురు ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. ‘శ్రీమంతుడు’ 2015 ఆగస్టులో వచ్చింది, 2016 మేలో ‘బ్రహ్మోత్సవం’ వచ్చింది. హీరో అదే, ఆయన మార్కెట్టు అప్పటికి ఇంకా పెరిగింది. కథావస్తువు కూడా చుట్టమే: వేళ్లు, వంశం, మనుషులను కలుపుకోవడం. మహేశ్‌బాబు పాత్ర ఏడు తరాల బంధువులను వెతుక్కుంటూ ఊళ్లు తిరుగుతుంది. కాగితంమీద చూస్తే ఇది ‘శ్రీమంతుడు’కంటే హృదయానికి దగ్గర కావలసిన సినిమా. కాని ప్రేక్షకులు ఏమాత్రం కదల్లేదు. సినిమాలో ప్రేమకు కొరత లేదు, నిజానికి ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. అందరూ అందర్నీ చూసి మురుస్తుంటారు, ఆ మురిపెం గురించి మాట్లాడుకుంటుంటారు, మళ్లీ పాటలో అదే చెబుతారు. మమ్మటుడు చూస్తే తన జాబితా పక్కన ఉదాహరణగా రాసుకునేవాడు. తమాషా ఏమిటంటే ఆ ఇంట్లో నిజంగా లోటు ఉన్న మనిషి ఒక్కడున్నాడు: రావు రమేశ్ చేసిన బావమరిది పాత్ర. బావ పెద్దరికం నీడలో తన పేరు మాసిపోయిందన్న కడుపుమంట అతనిది. పద్దు తెరిచింది అతనొక్కడే, కాని సినిమా అతన్ని అపార్థం చేసుకున్నవాడిగా చూసి పక్కన పెట్టేసింది. ప్రేక్షకుడి సానుభూతి అటు పోతుంటే సినిమా ఇటు నవ్వుతూ నిలబడింది. దర్శకుడు శ్రీకాంత్ అడ్డాలకు ఈ విద్య తెలియదని కాదు. 2013 సంక్రాంతికి ఆయనే తీసిన ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’లో కూడా పెద్ద కుటుంబం ఉంది, మంచితనం ఉంది, ఎప్పుడూ నవ్వే తండ్రి ఉన్నాడు. కాని అక్కడ పెద్దోడికి ఉద్యోగం లేదు. చుట్టాలింట్లో నలుగురి మధ్య చులకనవుతాడు, ఆ చులకన చేసే పాత్ర కూడా రావు రమేశ్‌దే. తమ్ముడికి మాట చురుకు, అన్నకు మాట పెగలదు. అన్నదమ్ములకు సినిమాలో పేర్లే లేవు, ఒకరినొకరు మెచ్చుకునే మాట కూడా అరుదు. వాళ్లు చెప్పుకోలేని దాన్ని చూస్తున్నవాళ్లే మనసులో చెప్పుకున్నారు. దర్శకుడు ఒక్కడే, ఇంటి వాతావరణం కూడా ఒక్కటే. ఒకదాంట్లో ప్రేక్షకుడికి పని ఉంది, రెండోదాంట్లో ప్రేక్షకుడు పెళ్లికి పిలిచి పీట వేయని అతిథి.

బీబీపేటనుంచి తూర్పుకు పోతే సిరిసిల్ల ప్రాంతం. ‘బలగం’ (2023) కథ జరిగేది ఆ ఊళ్లలోనే. వేణు యెల్దండి తీసిన ఈ చిన్న సినిమాలో పెద్ద స్టారు లేడు, కథ ఒక చావుతో మొదలై పదకొండో దినంతో ముగుస్తుంది. వ్యాపార లెక్క వేసేవాళ్లెవరూ దీనికి డబ్బులొస్తాయని చెప్పి ఉండరు. తీరా వచ్చాక ఊళ్లలో పంచాయతీల దగ్గర తెర కట్టి, చాపలు పరిచి చూశారు. విడిపోయిన అన్నదమ్ములు సినిమా చూసి కలిశారని వార్తలొచ్చాయి. ఇందులో బాకీ అక్షరాలా బాకీయే: సాయిలు అప్పులపాలై, చేసుకోబోయే పిల్ల కట్నంతో తీరుద్దామనుకుంటాడు. నిశ్చితార్థం దగ్గరపడగానే తాత కొమురయ్య చనిపోతాడు. మామూలు సినిమాలో అయితే మనవడు ఇక్కడ భోరుమంటాడు, కెమెరా చుట్టూ తిరుగుతుంది, వయొలిన్లు అందుకుంటాయి. ఈ సినిమాలో మనవడికి మొదట చిరాకు కలుగుతుంది, తాత ఇంకొన్నాళ్లు ఆగి పోతే బాగుండేదన్నట్టు. ఆ చిరాకు చూసి మనకు సిగ్గేస్తుంది, ఎందుకంటే చావింట్లో అలాంటి ఆలోచన వచ్చి అణచుకోనివాళ్లు తక్కువ. ఆ సిగ్గే మొదటి వాయిదా. రెండోది ఇంటి ఆడబిడ్డ మొగుడు, బావమరిది ఇరవై ఏళ్లుగా మాట్లాడుకోకపోవడం. కారణం విందులో నల్లిబొక్క (మూలుగ ఉన్న ఎముక) పడలేదన్న అలక. బయటివాళ్లకు ఇది నవ్వులాట. మనవాళ్లకు తెలుసు, వడ్డనలో ముక్క తేడా మనిషి విలువ తేడా అని. మూడోది కాకి. దినాలనాడు పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. పోయినాయనకు ఏదో కోరిక మిగిలిందంటారు ఊరివాళ్లు. ఇంతకంటే సినిమాకు తగిన యంత్రం ఏముంటుంది? ఆ పిట్ట ఎవరినీ నిందించదు, ఏమీ మాట్లాడదు, ఊరికే రాదు. ఇంటిల్లిపాదీ దాని వంక చూస్తుంటే మనం ఇంటిల్లిపాది వంక చూస్తుంటాం.

‘బలగం’ విషయంలో రెండు అభ్యంతరాలు వస్తాయి, రెండూ బలమైనవే. మొదటిది, ఆ సినిమా ముగింపులో దాపరికమేమీ లేదు. బుడగ జంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడుతుంటే ఇంట్లోవాళ్లంతా బాహాటంగా ఏడుస్తారు, చచ్చినాయన మనసు ఏమిటో పాట విప్పి చెబుతుంది. మరి పేరు పెట్టి చెప్పడం దోషమైతే ఇది ఎందుకు దోషం కాలేదు? కాలం ఒక కారణం. అప్పటికి రెండు గంటలుగా పద్దు పెరుగుతూ వచ్చింది, పాట వచ్చింది పద్దు తీర్చడానికే గాని తెరవడానికి కాదు. రెండో కారణం ఇంకా ముఖ్యం: ఆ పాట ఊళ్లో నిజంగా ఉన్న ఆచారం. దుఃఖాన్ని నోటితో చెప్పే పనిని మన సమాజం కొందరికి అప్పజెప్పింది, దానికో రోజు పెట్టింది, మిగతా పది రోజులు మనుషులు వంటలూ బంతులూ లెక్కలూ చూసుకుంటారు. సినిమా ఆ వేళను పాటించింది. ముందే ఏడిపించే సినిమా మూడో రోజే పెద్దకర్మ చేయబోయినట్టుంటుంది. ఇక రెండో అభ్యంతరం యాసది. తెలంగాణ మాట, తెలంగాణ ఇల్లు కాబట్టే ఇక్కడివాళ్లు ఏడ్చారని కొందరంటారు. యాస తలుపు తీస్తుందనడంలో సందేహం లేదు, ఏళ్ల తరబడి తెరమీద తన మాటను కామెడీకో రౌడీకో ఇచ్చిన సినిమాలు చూసినవాడికి అది సొంత మాటగా వినపడటమే ఒక తృప్తి. కాని తలుపు తీసినంత మాత్రాన లోపల అన్నం ఉండదు. యాసతో వచ్చి ఎవరికీ పట్టని సినిమాలు చాలానే ఉన్నాయి. ఇంకోవైపు దేవరకోట ఎక్కడో కల్పించిన ఊరు, అక్కడివాళ్ల మాట కామారెడ్డి మాట కాదు, అయినా జనగామలో పుట్టిన మనిషిని పట్టుకుంది.

దాచడం ఎంత పనిచేస్తుందో ‘జెర్సీ’ (2019)లో ఒక్క దృశ్యం చాలు. కొడుకు పుట్టినరోజుకు అడిగిన ఐదువందల రూపాయల జెర్సీ కొనలేని తండ్రి మళ్లీ బ్యాటు పట్టి, ముప్పైల వయసులో జట్టుకు ఎంపికవుతాడు. ఆ సంతోషాన్ని ఇంట్లో చూపించడు. స్టేషనుకు పోయి, రైలు వచ్చేదాకా ఆగి, దాని రొదలో గొంతు చించుకుని అరుస్తాడు. అరుపు లోకానికి వినపడకూడదని అతను ఎంచుకున్న చోటది. మనకు మాత్రం వినపడింది. గౌతమ్ తిన్ననూరి రాసిన ఆ దృశ్యంలో సంభాషణ లేదు, ఉంటే అక్కడితో పోయేది.

ఈ వాదానికి గట్టి ఎదురుదెబ్బ ‘మాతృదేవోభవ’ (1993) నుంచి రావాలి. మలయాళం ‘ఆకాశదూత్’ ఆధారంగా వచ్చిన ఆ సినిమా తెలుగు నాట కన్నీళ్లకు మారుపేరు. అందులో కష్టాలు వరుసకట్టి వస్తాయి, సంయమనం అన్న మాటే ఎవరికీ గుర్తురాదు. ఇలాంటి సినిమా తరాలపాటు నిలవడం చూస్తే దాచడం, ఆపుకోవడం వగైరా చదువుకున్నవాళ్ల రుచి మాత్రమేనేమో అన్న అనుమానం న్యాయమే. కాని దగ్గరగా చూస్తే ఆ తల్లి ఏడుస్తూ కూర్చున్న మనిషి కాదు. భర్త పోయాడు, తనకు కొద్దికాలమే మిగిలిందని తెలిసింది, ఆ కొద్దికాలంలో పిల్లల్ని ఒక్కొక్కరినీ ఏదో ఇంటికి చేర్చాలి. ఇదొక పని, గడువున్న పని. ఒక బిడ్డను అప్పగించి వెనక్కి వచ్చిన ప్రతిసారీ ప్రేక్షకుడు ఇంకెంతమంది మిగిలారో లెక్కపెడతాడు. ఆ లెక్కే గొంతు పట్టుకుంటుంది. సంగీతం గట్టిగా ఉందా మెల్లగా ఉందా అన్నది రెండో సంగతి. పాత పౌరాణికాలకూ ఇది వర్తిస్తుంది. ‘మాయాబజార్’ వినోదమే కదా, అందులో బాకీ ఎక్కడుందంటే, శశిరేఖను అభిమన్యుడికిస్తామన్న మాట పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే చెల్లకుండా పోవడంలో ఉంది. డబ్బు పోతే వియ్యం పోయే లోకం మనకు తెలుసు గనకనే ఘటోత్కచుడి మాయలన్నీ కేవలం మాయలు కాకుండా, చక్రవడ్డీతో వసూలు చేసినట్టు హాయినిస్తాయి.

మిగిలిన అభ్యంతరాల్లో ముఖ్యమైనది అంచనాలది. ఉసూరుమనడానికి సినిమాతో పనిలేదు, టీజర్లు, ఆడియో వేడుకలు, బెనిఫిట్ షోలు, పెంచిన టికెట్టు ధర కలిసి ముందే ఆశ పెంచుతాయని, ఆ ఎత్తునుంచి ఏ సినిమా అయినా కిందే పడుతుందని వాదన. నిజం ఇందులో చాలా ఉంది. దీనికి అందరూ చూపే సాక్ష్యం ‘1 నేనొక్కడినే’ (2014): సంక్రాంతికి వచ్చి నిరాశపరిచింది, కొద్ది రోజుల్లోనే నిడివి తగ్గించవలసి వచ్చింది, ఏళ్లు గడిచాక టీవీలో, ఫోన్లో చూసినవాళ్లు అబ్బురపడ్డారు. కథ మారలేదు, అంచనా మాత్రమే పోయింది, కాబట్టి అంతా అంచనాల ఆటే అంటారు. నాకు ఇంకో కారణం కనిపిస్తుంది. దర్శకుడు సుకుమార్ ఆ కథలో హీరోకు తల్లిదండ్రులు ఉన్నారా, ఉన్నారన్నది అతని భ్రమా అన్న సంగతిని చాలాసేపు తేల్చడు. తెలివైన ఎత్తే, కాని దాని ఖరీదు పెద్దది. ఉందో లేదో తెలియని బాకీని మొదటిసారి చూసేవాడు ఎలా మోస్తాడు? పజిలు విప్పుకుంటూ కూర్చుంటాడు. చివర్లో ఆ మనిషి తన ఇంటిని, తన వాళ్ల ఆనవాళ్లను చేరుకునే వేళకు ప్రేక్షకుడు బుర్రతో అలిసిపోయి ఉంటాడు. రెండోసారి చూసేవాడికి ముగింపు తెలుసు, మొదటి దృశ్యం నుంచే ఆ అనాథ పక్కన కూర్చుంటాడు. హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు త్రూఫోకు చెప్పిన సంగతి ఇదే: బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెబితే బల్లమీది పిచ్చాపాటీ కూడా ఊపిరి బిగబట్టిస్తుంది, చెప్పకపోతే ఒక్క క్షణం ఉలికిపాటే. మన నిర్మాతలు ట్విస్టుల కోసం ఖర్చుపెట్టే తెలివిలో సగం ముందే చెప్పడంమీద పెడితే బాగుంటుంది. స్టారు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది: అభిమాని మొదటి రోజు పెట్టే కేకలు సినిమాకు పడిన మార్కులు కావు, ‘బ్రహ్మోత్సవం’కూ ఆ కేకలున్నాయి.

ఒక్క చోట మాత్రం ఈ వాదం తనంతట తానే ఆగిపోతుంది, ఆగడం మంచిదే. తెరమీది బాకీ ప్రేక్షకుడి సొంత ఖాతాలో ఎక్కడో కలవాలి, ఆ ఖాతా దర్శకుడి చేతిలో లేదు. ‘శ్రీమంతుడు’ ఊరు విడిచిపోయినవాడికి తగిలినట్టు ఊళ్లోనే ఉండిపోయినవాడికి తగలదు. అతను బాకీపడ్డవాడు కాదు, రావలసినవాడు. ఎవరో శ్రీమంతుడు సైకిలెక్కి వచ్చి తన ఊరు బాగుచేస్తాడన్న కథలో అతనికి కాస్త ఎకసెక్కెం కూడా కనిపిస్తే తప్పు పట్టలేం. ‘బలగం’ కూడా అందరికీ ఒకే చోట గుచ్చుకోదు. కామారెడ్డి, సిరిసిల్ల, జగిత్యాల ఊళ్లనుంచి అప్పు చేసి దుబాయి, మస్కట్ పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. తండ్రి పోయిన కబురు కంపెనీ క్యాంపులో ఫోన్లో విని, సెలవు దొరక్క, టికెట్టుకు డబ్బుల్లేక ఉండిపోయినవాళ్లు వాళ్లలో తక్కువేం కాదు. ‘బలగం’లో అలాంటి కొడుకు కథ లేదు. పిట్ట ముట్టక, ఇంటివాళ్లంతా ఎండలో నిలబడి చెట్టుకేసి చూస్తున్నప్పుడు, బంకుబెడ్ మీద ఫోను పట్టుకుని చూస్తున్నవాడు ఆ వరుసలో తాను నిలబడవలసిన జాగా ఎక్కడో వెతుక్కుంటాడు.